వ్యాను కోసం కోయించేసిన వీణ

మా వైపు ఒక మర్యాద ఉంది. బావమరిది ఇంటికొచ్చి ఏ వస్తువు బాగుందన్నా, బావ వెంటనే "నీదేరా, పట్టుకెళ్లు" అంటాడు. అది చేతి గడియారం కావచ్చు, పాడిగేదె కావచ్చు. అక్కడున్నవాళ్లంతా నవ్వుతారు. అప్పుడు బావమరిది "ఈసారికి ఉండనీ బావా, మళ్లీ వచ్చినప్పుడు పట్టుకెళ్తాను" అనాలి. దాంతో ఇద్దరి పరువూ నిలబడుతుంది, వస్తువు ఉన్నచోటే ఉంటుంది. ఆ మాట పట్టుకుని నిజంగా వస్తువు ఎత్తుకుపోయినవాణ్ణి నాకు బుద్ధి తెలిశాక ఒక్కణ్ణే చూశాను. వాణ్ణి నేనే.

అప్పట్లో నాకొక వ్యాను ఉండేది. గరివిడి చుట్టుపక్కల ఊళ్ల నుంచి షిఫ్టు మనుషుల్ని ఫ్యాక్టరీకి దింపి, మళ్లీ ఇళ్లకు చేర్చే బండి. సీట్ల రెక్సిన్ చిరిగి స్పాంజి బయటికొచ్చేది. వెనక కిటికీ ఒకటి మూతపడదు, ఇంకొకటి తెరుచుకోదు. నల్లటి దుమ్ము సందుసందునా పేరుకుపోయి, ఎన్నిసార్లు కడిగినా ఇంకా కాస్త మిగిలేది. మా ఊళ్లో ఎవరూ దాన్ని వ్యాను అనేవారు కాదు. "షిఫ్టు డబ్బా" అనేవారు. ఆ పేరు వింటే నాకు ఒళ్లు మండిపోయేది. అసలే ముక్కు మీద కోపం మనిషిని.

ఒకసారి మా వీధిలోనే ఒక పెళ్లి. మాట్లాడుకున్న బండి ఆఖరి నిమిషంలో రాలేదు. "నా బండి ఉంది కదా, పదండి" అన్నాను మంచికే పోయి. పెళ్లికూతురు మేనత్త మూతి తిప్పింది. "ఓలమ్మా, పెళ్లికూతుర్ని షిఫ్టు డబ్బాలో ఎక్కించెస్తారేటి?" అంది, నేను పక్కనే ఉన్నానన్న పట్టింపైనా లేకుండా. వాళ్లు ఆటోలు మాట్లాడుకుని వెళ్లిపోయారు. నేను తాళాలు వేలికి తగిలించుకుని అక్కడే కాసేపు నిలబడ్డాను.

ఆ వారమే బండిని విజయనగరం అవతల హైవే పక్కన ఒక బాడీ షెడ్డులో పెట్టేశాను. మార్చితే మామూలుగా మార్చకూడదనుకున్నాను. పదిహేను మంది కుక్కుకుని కూర్చునే సీట్లు పీకించేసి, వెనక్కి వాలే పెద్ద సీట్లు ఎనిమిదే వేయించాను. పైకప్పుకు ఏసీ, కిటికీలకు తెరలు, కాళ్ల దగ్గర నీలం లైట్లు, వెనక చిన్న ఫ్రిజ్, గుండెలదిరే స్పీకర్లు. ఇంజను కూడా వదల్లేదు. అనంతగిరి ఘాట్‌లో రెండో గేరులో ఏడుస్తూ ఎక్కే బండి అది. పెద్ద టర్బో వేయించి, విశాఖపట్నం నుంచి ల్యాప్‌టాప్ పట్టుకొచ్చే ఒకతని చేత దాని లెక్కలన్నీ మార్పించాను. మొదటిసారి యాక్సిలరేటర్ తొక్కితే సీటు నన్ను వెనక్కి లాగింది. షెడ్డులో నలుగురూ చప్పట్లు కొట్టారు. కళ్లు నెత్తికెక్కడానికి ఆమాత్రం చాలు.

ఇక మిగిలింది లోపలి చెక్కపని. ఫోనులో ఎవరో ధనవంతుల కారు లోపలి ఫొటో చూశాను. డ్యాష్‌బోర్డు, తలుపుల లోపలి వైపు, డ్రైవరు వెనక అడ్డుగోడ, అన్నీ నిగనిగలాడే చెక్క. షెడ్డు మేస్త్రికి చూపిస్తే ఒక చుట్ట తెచ్చి విప్పాడు. చెక్క బొమ్మ ఉన్న స్టిక్కరు. "అంటించెస్తే దేవుడు కూడా పోల్చలేడు బావూ" అన్నాడు.

"నా బండికి స్టిక్కరేటి?" అని అరిచాను. ఆ అరుపు వెనక పెళ్లికూతురి మేనత్త ఉందని అతనికేం తెలుసు. అసలు చెక్కే కావాలన్నాను. టేకు వేద్దామన్నాడు. టేకు అందరూ వేస్తారన్నాను. అలా వంకలు పెడుతూ ఉండగానే దసరా వచ్చింది. నేను బొబ్బిలి వెళ్లాను.

బొబ్బిలి దగ్గరి ఊళ్లో మా అప్ప ఉంటుంది. అప్ప అంటే అక్క. ఆమె భర్త, మా బావ, వీణలు చేస్తాడు. నోట్లో నాలుక లేని మనిషి. నేను గంటసేపు మాట్లాడితే ఆయన ఒక మాట అంటాడు, అదీ చెక్క వైపు చూస్తూ. ఈ మధ్య ఆయన చేతిలో పడేవన్నీ సన్మానాల్లో ఇచ్చే జానెడు వీణలే. అద్దాల పెట్టెలో పెట్టి శాలువాతో పాటు ఇస్తారే, అవి. వాటికి గిరాకీ ఎక్కువ, మోగనక్కర్లేదు. కానీ బావ పంచలో గోడవారగా ఒక పనస దుంగ ఉండేది. మనిషి ఛాతీ దాకా పొడవు, ఎక్కడా ముడి లేదు. అలాంటి దుంగ దొరికితే, నాదం పుట్టే గుండ్రటి కుండ దగ్గర్నుంచి మెట్లుండే దండి చివరి దాకా అతుకు లేకుండా ఒకే కర్రలో వీణ తొలవచ్చట. ఏళ్లుగా నీడలో ఆరుతోంది అది. బావ పొద్దున్నే పళ్లు తోముకుని వస్తూ వస్తూ దాన్ని వేలి కణుపుతో ఒకసారి కొట్టి, తల వంచి వినేవాడు. ఇంకా కాలేదన్నట్టు వెళ్లిపోయేవాడు.

ఆ దుంగ ఎవరి కోసమో నాకు తెలుసు. అప్పే చెప్పింది ఒకసారి, వీణకు గరుకు కాగితం పడుతూ. "పెళ్లయిన కాడి నుంచీ ఎన్ని వీణలకి మెరుగెట్టానో. మెరుగెట్టిన మర్నాడు ఎలిపోతాయి. వీణలు సేసే ఇంట్లో ఒక్క వీణ లేదురా. ఈ దుంగ మాత్రం మీ బావ ఎవలికీ ఇవ్వడు. ఇది నాదంట, ఇంట్లోనే ఉంటాదంట." అప్పకు వీణ వాయించడం రాదు. అయినా ఆ మాట చెప్పేటప్పుడు మొహం చేటంత చేసుకుంది. నేను ఆ మాట విన్నాను, విననట్టు ఉండిపోవడానికి వీల్లేనంత స్పష్టంగా విన్నాను. అందుకే ఇదంతా తెలియక చేశానని చెప్పుకోలేను.

దసరా నాడు బావ ఇంట్లో ఉలులు, బాడిసలు, రంపాలు అన్నీ కడిగి వరసగా పెట్టి పసుపు రాస్తారు. ఆ దుంగకు కూడా రాసి, మూడు కుంకుమ బొట్లు పెట్టారు. బావతో పనిచేసేవాళ్లు, ఇరుగుపొరుగు, ఒక పదిమంది ఉన్నారు పంచలో. పసుపు పూసిన ఆ దుంగ మీద పొద్దుటెండ పడితే బంగారంలా ఉంది. నా కళ్లకు అది దుంగలా కనిపించలేదు. డ్యాష్‌బోర్డులా కనిపించింది.

"బావా, ఏటి దుంగ ఇది! నా బండికి అతికినట్టు సరిపోతాది" అన్నాను.

"నీదేరా, పట్టుకెళ్లు" అన్నాడు బావ. అందరూ నవ్వారు. అప్ప కూడా పులిహోర వడ్డిస్తూ నవ్వింది. ఆయన వేరే ఏమంటాడు? పదిమందిలో బావమరిది అడిగితే ఏ బావ అయినా అదే అంటాడు.

నేననవలసిన మాట నోటి చివరి దాకా వచ్చింది. దాన్ని మింగేసి, "అయితే ఎల్లుండి ఆటో తెస్తాను" అన్నాను. జనం ఇంకా గట్టిగా నవ్వారు.

అన్నట్టే మూడోనాడు లగేజీ ఆటో వేసుకుని వెళ్లాను. బావ జానెడు వీణకు తల చెక్కుతున్నాడు. ఆటో చూశాడు, నన్ను చూశాడు. మళ్లీ ఆటో వైపు చూశాడు.

"నిజంగానేటిరా?" అన్నాడు.

"నువ్వే గదా బావా పట్టుకెళ్లమన్నావు, పదిమందిలో." ఇలాంటి మాటలు నాకు చక్కగా దొరుకుతాయి.

ఆయన ఉలి కింద పెట్టాడు. లేచి వచ్చి దుంగకు ఒక చివర తనే పట్టుకున్నాడు. ఒకసారి "నీదే" అన్నాక లేదనడం ఆయనకు చేతకాదు. ఆ సంగతి నాకు బాగా తెలుసు, తెలిసే వెళ్లాను. ఆటోలోకి ఎక్కిస్తుండగా అప్ప పెరట్లోంచి తడి చేతులతో వచ్చింది. "ఎక్కడికిరా అది?" అంది. నేను నోరు తెరిచేలోగా బావే, "నానే ఇచ్చినాను" అన్నాడు. అప్ప ఆయన మొహం చూసింది, నా మొహం చూసింది. మామూలుగా అయితే ఆమె నన్ను తిట్టే తిట్లు వీధి చివరి దాకా వినబడతాయి. ఆ రోజు ఒక్క మాట అనలేదు. చేతులు చీరకొంగుకు తుడుచుకుని లోపలికి వెళ్లిపోయింది. ఆమె తిట్టి ఉంటే బహుశా దింపేసేవాణ్ణి. ఇది కూడా ఇప్పుడు అనుకుంటున్న మాటే, అప్పుడు దింపేవాణ్ణో లేదో చెప్పలేను.

కోత మిల్లులో ముసలాయన దుంగను తట్టి చూశాడు. "ఇది వీణల కర్ర కాదేటి బావూ?" అని అడిగాడు. "కాదు" అన్నాను. కుంకుమ బొట్లు ఇంకా చెరగలేదు. రంపం మధ్య బొట్టు మీదుగానే వెళ్లింది. లోపల పసుపు పచ్చగా, తడి అన్నది లేకుండా, ఎంత బాగా ఆరి ఉందో. పలకలు ఒక్కొక్కటే విడిపోతుంటే పనస తొనల వాసన లాంటిది సన్నగా వచ్చింది. నేను ఆ వాసన ముక్కు నిండా పీల్చుకుని ఆనందపడ్డాను. అంత బుద్ధిమాలినవాణ్ణి.

బండి తయారయ్యాక చూసినవాడల్లా నోరెళ్లబెట్టాడు. పెళ్లి బేరాలు వరస కట్టాయి. "షిఫ్టు డబ్బా" అన్న మాట మా ఊళ్లో చచ్చిపోయింది. బావకు, అప్పకు చూపించాలనిపించింది. చూపిస్తే నేను చేసింది తప్పు కాకుండా పోతుందని లోపల ఎక్కడో ఆశ ఉండి ఉంటుంది. కళింగపట్నం సముద్రానికి తీసుకెళ్తానని ఇద్దరినీ ఎక్కించుకున్నాను. అప్ప వెనక సీట్లో కిటికీ వైపు తిరిగి కూర్చుంది. బావ నా పక్కన. చెక్క వైపు చూడకూడదనుకున్నాడేమో, రోడ్డునే చూస్తున్నాడు.

రాజాం దాటాక రోడ్డు ఖాళీగా దొరికింది. తొక్కాను. స్పీడు అరవై దాటి డెబ్భై దగ్గరికి వచ్చేసరికి డ్యాష్‌బోర్డులోంచి సన్నగా ఒక మోత మొదలైంది. మామూలుగా బండ్లలో వినబడే లొడలొడ కాదు. ఒకే శ్రుతిలో, తెగకుండా, గుమ్మని. నాకు అది అప్పటికే తెలుసు, చిరాకు కూడా. ఏదో బోల్టు వదులైందనుకునేవాణ్ణి.

బావ నిటారుగా కూర్చున్నాడు. "స్లో సెయ్" అన్నాడు. తగ్గించాను, మోత ఆగింది. "మళ్లీ తొక్కు." తొక్కాను, వచ్చింది. ఆయన అరచేయి తీసి చెక్క మీద ఆనించాడు, పసిబిడ్డకు జ్వరం ఉందేమో చూసినట్టు. ఆ రోజు దారి పొడుగునా అలాగే ఉంచాడు.

"వైర్ల కోసం ఎనకాల ఖాళీ వొదిలీసినారు. కుండ లాగ అయిపోనాది. అందుకే పలుకుతన్నాదిరా" అన్నాడు. ఆయన ఒకేసారి అన్ని మాటలు అనడం నేనెప్పుడూ వినలేదు. "సూసావా, ఎలాటి కర్రో. ఇంజను ఒణుకుడికే ఇలగ పలికితే..." అని ఆపేశాడు. తీగెలు కడితే ఎలా పలికేదో అన్నది ఆయన నోట రాలేదు. వెనక సీట్లో అప్ప తల తిప్పలేదు గానీ, వింటూనే ఉంది. కళింగపట్నంలో ఇసుక మీద వలలు, ఎండుచేపలు, పడవలు చూసి తిరిగొచ్చాం.

అప్పుడైనా నాకు బుద్ధి రావలసింది. రాలేదు. బేరాలకొచ్చినవాళ్లు ఆ మోత గురించి అడగడం మొదలుపెట్టారు. "బండిలో ఏటో మూలుగుతన్నాది డ్రైవరుగారూ" అన్నాడొకాయన, నవ్వుతూ. ఆ నవ్వు నాకు పాత నవ్వులా వినిపించింది. మర్నాడే షెడ్డుకు తీసుకెళ్లి, పలకలు విప్పించి, వెనక ఖాళీలన్నిటిలో స్పాంజి కూరించి, గమ్ము పోయించి బిగించేశాను. మోత పూర్తిగా పోయింది. మేస్త్రి పనితనానికి సంతోషించాను కూడా.

తర్వాత కొన్నాళ్లకు బావకు కుడి మణికట్టులో నొప్పి మొదలైతే శ్రీకాకుళం ఆసుపత్రికి నేనే తీసుకెళ్లాను. ఎక్కుతూనే, అడక్కుండానే, అరచేయి డ్యాష్‌బోర్డు మీద పెట్టుకున్నాడు. స్పీడు అరవై అయింది, డెబ్భై అయింది. ఆయన తల కొంచెం వంచి ఎదురుచూస్తున్నాడు, పంచలో దుంగను తట్టి విన్నట్టే. నేను ఇంకా తొక్కాను. ఎనభై అయింది.

"ఏటి సేసావురా?" అన్నాడు చివరికి.

"జనం గోల పెడతంటే... స్పాంజి పెట్టించినాను బావా."

ఆయన చెయ్యి తీసి ఒడిలో పెట్టుకున్నాడు. "మంచిపనే. బండిలో సౌండు ఉండకూడదు" అన్నాడు. వెటకారం లేదు ఆ మాటలో. వెటకారమైనా ఉంటే నేను తట్టుకునేవాణ్ణి. దుంగను కోయించినప్పుడు చేసిన తప్పు నాకు అంతగా తగల్లేదు, ఆ చెయ్యి ఒడిలోకి వెళ్లినప్పుడు తగిలింది. స్టీరింగు పట్టుకుని ఏడవకుండా ఉండటానికి నానా యాతన పడ్డాను.

ఆ మణికట్టు మళ్లీ బాగుపడలేదు. జానెడు వీణల చిన్న ఉలి పనికి సరిపోతుంది అంతే. బాడిస ఎత్తి దుంగ తొలిచే పని ఇక ఆయన వల్ల కాదని డాక్టరు చెప్పాడు. నేను పాలకొండ వైపు, పార్వతీపురం వైపు ఊళ్లన్నీ తిరిగి, చివరికి ముడి లేని పనస దుంగ ఒకటి సంపాదించి తీసుకెళ్లాను. బావ దాన్ని ఎడమచేత్తో తట్టి, "మంచి కర్రేరా. పచ్చిది. ఆరాల" అన్నాడు. ఎన్నేళ్లు ఆరాలని నేను అడగలేదు. ఆ రెండో దుంగ ఇప్పటికీ పాత దుంగ స్థలంలోనే ఉంది. ఆయన పొద్దున్న దాన్ని తట్టగా నేను చూడలేదు.

మొన్న దసరాకి, ఆలోచించి ఆలోచించి, ఒక పని చేశాను. బండిలోంచి ఆ పలకలన్నీ విప్పించి, దుప్పట్లో చుట్టి బొబ్బిలి తీసుకెళ్లాను. ఏం చేద్దామని? నాకే తెలీదు. తిరిగిచ్చేస్తే ఏదో తేలికపడతాననుకున్నాను. పంచలో దుప్పటి విప్పాను. స్పీకర్ల కోసం కోసిన గుండ్రటి కంతలు, ఏసీ గాలి కోసం చీలికలు, స్క్రూల గాట్లు, వెనకంతా గట్టిపడిన గమ్ము. బావ ఒక పలక తీసి మోకాలి మీద పెట్టుకుని వేలి కణుపుతో కొట్టాడు. అట్టపెట్టెను కొట్టినట్టు చప్పగా వినిపించింది. ఇంకో చోట కొట్టాడు. అక్కడా అంతే.

"అట్టుకెళ్లి బండికే బిగించుకోరా. వర్షానికి పాడైపోతాయి ఇక్కడ" అన్నాడు మెల్లగా.

జేబులోంచి బండి తాళాలు తీసి ఆయన ముందు పెట్టాను. నిజంగానే ఇచ్చాను, అందులో నాటకం లేదు. "బావా, బండి నీది. పట్టుకో. నాకొద్దింక" అన్నాను. పూజకు వచ్చిన నలుగురూ అటే చూస్తున్నారు.

బావ నవ్వాడు. పాత రోజుల్లో నవ్వే నవ్వే. ఎడమచేత్తో తాళాలు తీసి, నా అరచేతిలో పెట్టి, నా వేళ్లు మూశాడు.

"ఈసారికి ఉండనీరా. మళ్లీ ఎప్పుడైనా పట్టుకెళ్తాను" అన్నాడు.

అక్కడున్నవాళ్లంతా నవ్వారు. అప్ప గుమ్మంలో పసుపు గిన్నె పట్టుకుని నిలబడి ఉంది. ఇన్నేళ్లలో ఆ దుంగ గురించి ఒక్క మాట అనని మనిషి, నవ్వకుండా నా వైపే చూసి అంది.

"అలగ అనాలిరా."

అని, గిన్నె పట్టుకుని పసుపు రాయడానికి పచ్చి దుంగ దగ్గరికి వెళ్లింది. నేను పలకలన్నీ మళ్లీ దుప్పట్లో చుట్టుకున్నాను.